రబౌల్‌లో మా తాత

(బరంపురంలో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం.

ముందుగా ఆహ్వానపత్రిక గురించి ఒక మాట చెప్పాలి. అందులో నా పేరు కింద "ఆజాద్ హింద్ ఫౌజ్ సైనికుని మనవడు" అని అచ్చయింది. వేసినవాళ్లను నేనేమీ అనను. మా ఊళ్లో ఎవరిని అడిగినా అదే చెబుతారు. మా నాన్న కూడా ఆ మాటే చెబుతూ పోయాడు. పంద్రాగస్టుకి బళ్లో జెండా ఎగరేసినప్పుడల్లా నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టింది కూడా ఆ లెక్కలోనే.

ఆజాద్ హింద్ ఫౌజ్ అంటే ముఖ్యంగా జపాన్‌వాళ్లకు పట్టుబడ్డ భారతీయ సైనికులతో, బ్రిటిష్‌వాళ్ల మీద పోరాడటానికి కట్టిన సైన్యం. మా తాత అందులో లేడు. 1942 ఫిబ్రవరి నుంచి 1945 సెప్టెంబరు దాకా ఆయన జపాన్‌వాళ్ల చేతిలో యుద్ధఖైదీ. ఫౌజ్‌లో చేరలేదు కాబట్టి ఆయన్ని పసిఫిక్ సముద్రంలో న్యూగినీ పక్కనున్న న్యూబ్రిటన్ అనే దీవికి కూలిపనికి పంపించారు. ఆ దీవిలో రబౌల్ అని ఒక రేవు ఊరు ఉంది. నేను బ్యాంకులో గుమస్తాగా చేరి మేనేజరుగా దిగినవాణ్ణి, చరిత్రకారుణ్ణి కాను. రిటైరయ్యాక ఖాళీగా ఉండలేక ఈ పని మొదలుపెట్టాను. బ్యాంకులో నేర్చుకున్నది ఒక్కటే ఇక్కడ అక్కరకొచ్చింది: కాగితం చూడకుండా ఎవరి మాటా నమ్మకూడదని.

ఇంట్లో ఉన్న కాగితాలు మాత్రం చాలా తక్కువ. తాత రేకుపెట్టెలో ఒక డిశ్చార్జి పుస్తకం, మూలలు చెదలు తినేసింది. దాన్ని కట్టిన ఒక రంగుల పట్టీ. అంతే. ఆ పుస్తకంలో ఆయన నంబరు ఉంది, పేరు ఉంది, మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్ అని, అంటే సైన్యంలో రోడ్లూ వంతెనలూ కట్టే దళం పేరు ఉంది. మూడున్నరేళ్ల జీవితానికి "రికవర్డ్ ప్రిజనర్ ఆఫ్ వార్", అంటే తిరిగి దొరికిన యుద్ధఖైదీ, అనే మాటలు ఉన్నాయి. ఏ దేశంలో ఉన్నాడో, ఏం చేశాడో ఒక్క అక్షరం లేదు.

నాకు మొదట దారి చూపించింది ఆ పట్టీయే. మా మామ్మ దాన్ని కాగితాల కట్టకు తాడులా వాడుకుంది. నడుమ పసుపు చార, దానికి రెండు పక్కలా ముదురాకుపచ్చ, అంచులకు ఎరుపు, మధ్యలో ఒక పక్క ముదురు నీలం, ఇంకో పక్క లేత నీలం సన్నగీతలు. దీనికి వేలాడిన పతకం ఏమైందని అడిగితే మా అత్త నవ్వి, "నువ్వూ మీ అన్నా కలిసి దాంతో తొక్కుడుబిళ్ల ఆడి పారేశారు కదరా" అంది. ఆ పట్టీ పసిఫిక్ స్టార్ అనే పతకానిది. బర్మాలో పోరాడినవాళ్లకు ఇచ్చిన బర్మా స్టార్ పట్టీ వేరు, దాని రంగులు వేరు. 1941 డిసెంబరు 8 నుంచి 1942 ఫిబ్రవరి 15 దాకా మలయాలో (ఇప్పటి మలేషియా వైపు) ఉన్న సైనికులకు వచ్చేది ఈ పసిఫిక్ స్టారే. అంటే తాత మలయాలో ఉన్నాడు, సింగపూర్ పడిపోయినప్పుడు పట్టుబడ్డాడు. ఇంకో సంగతి కూడా అందులోనే ఉంది. ఆజాద్ హింద్‌లో చేరినవాళ్లకు బ్రిటిష్ సర్కారు పతకాలిచ్చి ఇంటికి పంపలేదు. పట్టీ ఇంట్లో ఉందంటేనే ఊరివాళ్లు చెప్పే కథలో ఏదో తేడా ఉందని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

తాత నోరు విప్పి చెప్పిందేమీ లేదా అని అడుగుతారు. చిన్నప్పుడు నేనూ అడిగాను. "ఏటడుగుతావురా, తిన్నాం, తవ్వినాం, వొచ్చీసినాం" అనేవాడు. అంతకుమించి పెద్దవాళ్లకు ఎప్పుడూ చెప్పలేదు. పిల్లలకు మాత్రం ఒక కథ చెప్పేవాడు. మేం అది కాశీమజిలీ కథల్లాంటిదే అనుకున్నాం. ఒక ఊరు ఉంది, ఆ ఊరి పక్కనే సముద్రం, సముద్రం పక్కనే కొండ. ఆ కొండ పొగ వదుల్తుంది. కాలికింద మన్ను వేడిగా ఉంటుంది. అక్కడి పిట్టలు గుడ్ల మీద కూర్చుని పొదగవు. వేడి మట్టిలో గొయ్యి తీసి గుడ్లు పాతిపెట్టి వాటి దారిన అవి పోతాయి. పిల్లలు వాటంతట అవే పుట్టి మట్టి తోసుకుని బయటికి వస్తాయి. మేం నవ్వేవాళ్లం. "తల్లి లేకుండా పిల్లలేటి తాతా?" అంటే, "ఆ వూళ్లో అలాగే" అనేవాడు.

సింగపూర్‌లో పొగ వదిలే కొండ లేదు. మలయాలో లేదు. జపాన్‌వాళ్లు ఖైదీల చేత వేయించిన సయాం (థాయ్‌లాండ్) రైలుమార్గం దగ్గరా లేదు. రబౌల్‌లో ఉంది. రేవు చుట్టూ అగ్నిపర్వతాలే. 1937లో రెండు ఒకేసారి బద్దలై ఊరు బూడిదలో మునిగింది. వాటిలో తవుర్‌వుర్ అనేది యుద్ధం జరుగుతున్నప్పుడు కూడా పొగలు కక్కింది. 1994లో మళ్లీ పేలి ఆ ఊరిని దాదాపు పూర్తిగా పాడుచేసింది. ఇక పిట్టల సంగతి. మెగాపోడ్ అనే జాతి పక్షులు అగ్నిపర్వతం దగ్గరి వేడి ఇసుకలో గుడ్లు పాతిపెడతాయి. అక్కడి జనం లోతుగా గోతులు తవ్వి ఆ గుడ్లు తీసి తింటారు. ఇది చదివిన రాత్రి నేను మా అన్నకి ఫోన్ చేశాను. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తరువాత ఆయన "అయితే చిలగడదుంపలు కూడా అక్కడివేనా?" అన్నాడు.

ఆ దుంపల సంగతీ చెబుతాను. శివరాత్రికి మన ఇళ్లలో చిలగడదుంపలు ఉడకబెడతాం కదా. మా ఇంట్లో దుంపలు ఉడికే వాసన వస్తే తాత లేచి వీధరుగు మీదికి పోయేవాడు. ఉపవాసం ఉండేవాడు కానీ దుంప ముట్టేవాడు కాదు. మామ్మ దీన్ని మొండితనం అనుకుంది. 1944 నుంచి అమెరికా విమానాలు, జలాంతర్గాములు రబౌల్‌కి ఓడలు రానివ్వలేదు. బియ్యం నిండుకుంది. జపాన్ సైన్యం అడవులు నరికి చిలగడదుంప, కర్రపెండలం తోటలు వేసింది. ఆ తోటల్లో వంగి పని చేసింది ఖైదీలు, కూలీలు. తోటలోది తీసుకుంటే దెబ్బలు. ఖైదీలకు మిగిలింది ఆకులు, అడవిలో దొరికిన దుంపలు, ఎలకలు. బెరిబెరీ, మలేరియా, విరేచనాలు. తాత దుంపని ఎందుకు అసహ్యించుకున్నాడో, తినలేకనా, మరీ ఎక్కువ తినా అని మా అన్నా నేనూ ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటాం.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. మనవాళ్లు అక్కడిదాకా ఎలా వెళ్లారు?

1936 ఏప్రిల్ 1 దాకా గంజాం మద్రాసు రాజధానిలో భాగం. ఆ రోజున ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడి బరంపురం, ఛత్రపురం ఇటు వచ్చాయి. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి అటు ఉండిపోయి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. శ్రీకాకుళం జిల్లా పుట్టింది 1950లో. ఈ ముక్క మీలో వెతకదలచుకున్నవాళ్లు గుర్తుపెట్టుకోండి. ఒకే చెరువు నీళ్లు తాగే రెండు ఊళ్లవాళ్లు సైన్యం కాగితాల్లో ఒకరు "ఒరిస్సా", ఇంకొకరు "విజగపటాం" అయి ఉంటారు. మరికొందరికి పాత అలవాటు కొద్దీ "గంజాం, మద్రాసు" అనే రాశారు. మూడు చోట్లా చూడాలి.

మన వైపు మగవాళ్లకు సముద్రం దాటడం కొత్తేమీ కాదు. గోపాలపురం రేవులో స్టీమరెక్కి బర్మాలోని రంగం, అంటే రంగూన్, వెళ్లడం, ధాన్యం మిల్లుల్లోనో రేవుల్లోనో పని చేసి నాలుగు డబ్బులు పంపడం తరాలుగా ఉన్నదే. తాత అన్న కూడా రంగంలోనే ఉండేవాడు. తాత రంగం వెళ్లకుండా 1940లో సైన్యంలో చేరాడు. జీతం నెలనెలా ఇంటికి వస్తుందన్నది పెద్ద ఆకర్షణ. మద్రాస్ శాపర్స్ కేంద్రం బెంగళూరు. వాళ్లను సైన్యంలో ముద్దుగా "తంబీలు" అంటారు. తెలుగువాడైనా తంబీయే. రోడ్లు వేయడం, వంతెనలు కట్టడం, కందకాలు తవ్వడం నేర్పారు. మలయాకి వెళ్లాక మాత్రం తిరకాసు పని. జపాన్ సేనలు 1941 డిసెంబరు 8న కోటబారులో దిగి తరుముకుంటూ వస్తుంటే, వెనక్కి తగ్గుతున్న సైన్యం వెనకాల వంతెనలు పేల్చుకుంటూ రావడం శాపర్ల పని అయింది. జనవరి 31న జోహోరుకీ సింగపూర్‌కీ మధ్య సముద్రం మీద కట్టిన కాజ్‌వే అనే దారి కూడా పేల్చేశారు. రెండు వారాలకు, ఫిబ్రవరి 15న, సింగపూర్‌లోని బుకిట్ తిమాలో ఫోర్డు కార్ల ఫ్యాక్టరీలో బ్రిటిష్ జనరల్ పెర్సివల్ జపాన్ జనరల్ యమషితాకు లొంగిపోయాడు.

ఫిబ్రవరి 17న భారతీయ సైనికులందరినీ ఫారర్ పార్కు అనే మైదానంలో కూర్చోబెట్టారు. నలభై వేల పైచిలుకు మంది. తెల్లవాళ్లను అప్పటికే వేరుచేసి సింగపూర్‌లోనే చాంగీ అనే చోటికి పంపారు. ఒక బ్రిటిష్ అధికారి లేచి మిమ్మల్ని జపాన్‌వాళ్లకు అప్పగిస్తున్నాం, ఇక వాళ్ల ఆజ్ఞ పాటించండి అని చెప్పి కూర్చున్నాడు. తరువాత జపాన్ సైన్యం తరఫున మేజర్ ఫుజివారా మాట్లాడాడు. ఆయన జపనీస్‌లో చెప్పింది ఇంగ్లీషులోకి, అక్కడి నుంచి హిందుస్తానీలోకి మార్చారు. ఆ తరువాత పట్టుబడిన భారతీయ అధికారి కెప్టెన్ మోహన్ సింగ్. భారత జాతీయ సైన్యం, అంటే ఆజాద్ హింద్ ఫౌజ్, ఆలోచన ఆ మైదానంలో బహిరంగమైంది.

మీరు ఒక్కసారి మా తాతని అక్కడ ఊహించండి. తెలుగు వచ్చు, ఒడియా వచ్చు. హిందుస్తానీ పరేడు గ్రౌండులో అరుపుల వరకే వచ్చు. చరిత్ర పుస్తకాల్లో ఆ రోజు చేతులెత్తారు, టోపీలు ఎగరేశారు అని రాస్తారు. నిజమే, చాలామంది ఎగరేశారు. వెనక వరుసల్లో కూర్చున్న మద్రాసు కుర్రాళ్లు పక్కవాణ్ణి "ఏటంటున్నాడు?" అని అడిగి ఉంటారని నా నమ్మకం.

ఎందుకు చేరలేదు? ఇది సున్నితమైన విషయం, అందులోనూ నేతాజీ పుట్టిన కటకానికి ఇంత దగ్గర్లో కూర్చుని మాట్లాడుతున్నాం. చేరినవాళ్లలో గొప్పవాళ్లున్నారు. చేరనివాళ్లలోనూ ఒకే కారణం లేదు. తిన్న ఉప్పు, పట్టిన ప్రమాణం అన్నవాళ్లున్నారు. జపాన్‌వాణ్ణి నమ్మనివాళ్లున్నారు. తన సుబేదారు ఏం చేస్తే అదే చేద్దామని ఊరుకున్నవాళ్లున్నారు. చేరితే ఇంటికి వెళ్లే జీతం ఆగిపోతుందని భయపడ్డవాళ్లున్నారు, మా తాత ఈ ఆఖరి రకం అని మామ్మ అనేది. 1942 డిసెంబరులో మోహన్ సింగ్‌నే జపాన్‌వాళ్లు అరెస్టు చేశారు. మొదటి ఫౌజ్ చెల్లాచెదురైంది. అప్పటినుంచి చేరనివాళ్లను పని దళాలుగా కట్టి దీవులకు పంపడం జోరందుకుంది. సుభాష్ చంద్రబోస్ సింగపూర్‌లో కాలుపెట్టింది 1943 జులైలో. అప్పటికే తాత ఎక్కిన ఓడ వెళ్లిపోయింది. మా ఊళ్లో ఇప్పటికీ "మీ తాత నేతాజీతో చేయి కలిపాడు" అని చెప్పే పెద్దాయన ఒకరున్నారు. ఆయన ముందు నేను ఈ తేదీలు ఎత్తను. (నవ్వులు)

ఆ ఓడల ప్రయాణమే సగం చావు. అడుగు అరలో కుక్కి, తలుపులు మూసి, వారాల తరబడి తీసుకెళ్లేవారు. ఓడ మీద ఖైదీలున్నారన్న గుర్తు ఉండేది కాదు. 1943 జనవరి 26న న్యూగినీకి ఉత్తరాన బుయో మారు అనే ఓడను వాహూ అనే అమెరికా జలాంతర్గామి ముంచేసింది. అందులో 16వ పంజాబ్ రెజిమెంటుకు చెందిన భారతీయ ఖైదీలు దాదాపు 490 మంది ఉన్నారు. 195 మంది చనిపోయారు. తరువాతి కాలంలో మనకు గణతంత్ర దినం అయిన తేదీ అది. మన పాఠ్యపుస్తకాల్లో ఆ ఓడ పేరు నేనెక్కడా చూడలేదు.

న్యూగినీ పెద్ద దీవిలో వేవాక్ అనే చోటికి వెళ్లినవాళ్లది ఇంకా ఘోరం. దాదాపు మూడు వేల మంది వెళ్తే, సుమారు రెండు వందల మందే బతికారు. ఫ్రాంటియర్ ఫోర్స్ రెజిమెంటులో జమేదారు, అంటే కింది స్థాయి అధికారి, చింత్ సింగ్ కథ ఒక్కటి చెప్పి ముందుకు వెళ్తాను. 1945 సెప్టెంబరు 30న సెపిక్ నది ఒడ్డున అంగోరం దగ్గర ఆస్ట్రేలియా సైనికులు ఆయన్నీ, మరికొందరినీ కాపాడారు. యుద్ధనేరాల విచారణలో సాక్ష్యం చెప్పడానికి ఆయన్ని ఆపేశారు. మిగతా పదిమందిని ఇంటికి పంపడానికి విమానం ఎక్కించారు. నవంబరు 16న ఆ విమానం కూలిపోయింది. అన్నేళ్లు ఆకలిని గెలిచి, ఇంటిదారిలో పోయారు.

రబౌల్‌లో మనవాళ్లు వేల సంఖ్యలో బతికి బయటపడ్డారు. దానికి ఒక కారణం నేల. అగ్నిపర్వతపు బూడిద గట్టిపడిన నేల, గుణపం దిగితే తేలిగ్గా రాలుతుంది, అయినా కూలిపోకుండా నిలుస్తుంది. బాంబులు పడుతుంటే జపాన్‌వాళ్లు మొత్తం స్థావరాన్ని నేలకిందికి దించారు. వందల కిలోమీటర్ల సొరంగాలు. ఆసుపత్రులు, గోదాములు, పడవలు దాచే గుహలు కూడా. తవ్వినవాళ్లకు దాక్కోవడానికీ అవే దొరికాయి. "తిన్నాం, తవ్వినాం" అన్న మాటలో తవ్వడం ఇదే. అంతకు ముందు రేవులో బాంబుల కింద ఓడల సరుకు దించే పని. అక్కడ చాలామంది పోయారు, అమెరికా బాంబులకే.

నాకు అన్నిటికన్నా ఎక్కువ సమాచారం ఆస్ట్రేలియా నుంచి దొరికింది. యుద్ధం అయ్యాక ఆస్ట్రేలియా సైనిక కోర్టులు నడిపిన దాదాపు 300 విచారణల్లో 188 రబౌల్‌లోనే జరిగాయి. వాటిలో చాలావాటికి ముద్దాయిలు భారతీయ ఖైదీలను కొట్టినవాళ్లు, చంపినవాళ్లు. ఆ ఫైళ్లను ఆస్ట్రేలియా జాతీయ ఆర్కైవ్స్ స్కాన్ చేసి ఉచితంగా నెట్‌లో పెట్టింది. చదవగలిగినవాళ్లు చదవండి, కానీ రాత్రిపూట వద్దు. నాకు నిద్ర పట్టేది కాదు. మా ఆవిడ కంప్యూటరు వైరు పీకేస్తానని బెదిరించింది కూడా.

ఆ ఫైళ్లలో నన్ను ఆపేసింది హింసల వివరాలకంటే ఒక వాదన. ముద్దాయిల తరఫు వకీళ్లు పదేపదే అన్నది ఏమిటంటే, ఈ భారతీయులు యుద్ధఖైదీలే కాదు, తమంతట తాము మా సైన్యానికి సేవ చేయడానికి చేరినవాళ్లు, కాబట్టి మా సైనిక క్రమశిక్షణే వీళ్లకూ వర్తిస్తుంది, కొట్టడం నేరం కాదు అని. అంటే 1943లో "మీరు ఖైదీలు కారు, పని దళాలు" అని కాగితం మీద రాసి పంపింది ఇందుకన్నమాట. ఖైదీ అయితే కూలీ, తిండి, మందు ఇన్ని ఇవ్వాలని లెక్కలుంటాయి. 1929 నాటి జెనీవా ఒప్పందం మీద జపాన్ సంతకం పెట్టింది కానీ ఆమోదించలేదు. భారతీయుల విషయంలో ఖైదీ అన్న పేరే తీసేసింది. ఆ వాదన చాలావరకు కోర్టుల్లో నిలబడలేదు. వీళ్లు ఖైదీలేనని సాక్షులు ఒకరి తరువాత ఒకరు చెప్పాల్సి వచ్చింది. సిపాయిలు, క్లర్కులు, వంటవాళ్లు తెల్లదొరల కోర్టులో నిలబడి, మేం ఎవరికీ అమ్ముడుపోలేదు, మమ్మల్ని పట్టుకుపోయారు అని నిరూపించుకోవలసి వచ్చింది.

ఇంటికొచ్చాక కూడా అదే పరీక్ష. 1945 సెప్టెంబరు 6న రబౌల్‌లోని జపాన్ సేనాధిపతి జనరల్ ఇమామురా గ్లోరీ అనే నౌక మీద ఆస్ట్రేలియా జనరల్ స్టర్డీకి లొంగిపోయాడు. కొద్దిరోజుల్లో ఆస్ట్రేలియా సేనలు రబౌల్‌లో దిగాయి. మనవాళ్లు బట్టలు ఉతుక్కుని, ఉన్న గుడ్డలే తలపాగాలు చుట్టుకుని, వరుస కట్టి సెల్యూట్ చేశారని ఉంది. ఆ ఫొటోలు ఆస్ట్రేలియా యుద్ధస్మారకం దగ్గరున్నాయి. ఎముకల గూళ్లు, కానీ వరుస తప్పలేదు. తరువాత ఓడల్లో ఇండియాకి. తిరిగొచ్చిన ప్రతి ఖైదీనీ సైన్యం నిఘా విభాగంవాళ్లు కూర్చోబెట్టి ప్రశ్నించి మూడు రంగుల్లో విడదీశారు. వైట్, గ్రే, బ్లాక్. ఫౌజ్‌లో చేరనివాడు వైట్. చేరినా బలవంతం మీదో, మనసు లేకుండానో అంటే గ్రే. మనస్ఫూర్తిగా చేరితే బ్లాక్. వైట్‌లకు బాకీ జీతం మొత్తం ఇచ్చి, మళ్లీ ఉద్యోగంలోకి తీసుకోవడమో, గౌరవంగా డిశ్చార్జి చేయడమో చేశారు. బ్లాక్‌లను బాకీ జీతం లేకుండా తీసేశారు. తాత సర్వీసు రికార్డు నకలు చాలాకాలం తిరిగాక నా చేతికొచ్చింది. అందులో వైట్ అని ఉంది.

ఇంతవరకూ బాగుంది కదా. ఇప్పుడు తేదీలు చూడండి. 1945 నవంబరు 5న ఢిల్లీ ఎర్రకోటలో ఫౌజ్ అధికారులు షా నవాజ్ ఖాన్, ప్రేమ్ సెహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్‌ల మీద విచారణ మొదలైంది. నెహ్రూ పాత నల్లకోటు తొడుక్కుని వాళ్ల పక్షాన కోర్టుకి వెళ్లాడు. దేశమంతా ఊగిపోయింది. 1946 జనవరి 3న వాళ్ల యావజ్జీవ శిక్షలు రద్దయ్యాయి. మా తాత మద్రాసు వైపు నుంచి రైల్లో బరంపురం స్టేషనులో దిగింది సరిగ్గా అప్పుడు, సంక్రాంతికి ముందు. సింగపూర్‌లో పట్టుబడిన సిపాయి వస్తున్నాడని ఊరికి కబురు తెలిసింది. సింగపూర్ అంటే జనానికి ఆ రోజుల్లో ఒకటే అర్థం. ప్లాట్‌ఫాం మీద బంతిపూల దండలు, జై హింద్ నినాదాలు. తాత రైలు దిగుతూనే మెడలో దండ పడింది. ఎవరో భుజాల మీదికి ఎత్తారు, నలభై కిలోలు కూడా లేని మనిషి, ఎత్తడం ఎంతసేపు!

ఆ రోజు ఆయన కాదని చెప్పలేదు. ఏమని చెప్పాలి? "నన్ను దించండి, నేను సర్కారువారి లెక్కలో తెల్లవాణ్ణి" అనా? ఆరు వారాల కిందట ఆ రంగు ఆయనకి జీతం ఇప్పించింది. ఇక్కడ అదే రంగు బయటపెడితే తలెత్తుకోలేడు. అలా మా ఇంటి కథ ప్లాట్‌ఫాం మీద పుట్టింది. మామ్మ దీన్ని ముసిముసిగా నవ్వుతూ చెప్పేది, "మీ తాత సిగ్గుపడ్డాడు కానీ దండ తియ్యలేదు" అని.

మామ్మ గురించి కూడా చెప్పాలి. 1942లో "మిస్సింగ్" అని కార్డు వచ్చింది. అదే ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డాయి. రంగం నుంచి నడిచి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఊరు చేరుతున్నారు. వాళ్లను సింగపూర్ సంగతి అడిగితే ఏం చెప్పగలరు పాపం? కొందరు పెద్దలు ఇక కర్మ చేసేద్దామన్నారు. తాత తల్లి ఒప్పుకోలేదు. కొడుకు జీతంలో వాటా నెలనెలా ఇంకా వస్తోంది. "సచ్చినోడికి జీతమెందుకిస్తారు సర్కారోళ్లు? ఆళ్లేటి ఎర్రోళ్లా?" అని అందరి నోరూ మూయించింది. బ్యాంకులో ముప్పై ఏళ్లు పని చేసినా ఇంత చక్కటి తర్కం నేను వినలేదు.

1972లో స్వాతంత్ర్య సమరయోధులకు కేంద్రం పింఛను పెట్టింది. ఆజాద్ హింద్ ఫౌజ్‌వాళ్లకూ అది వర్తించింది. ఊళ్లో చదువుకున్న ఒకాయన ఫారం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఊరంతా సాక్ష్యం చెబుతుందన్నాడు. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను, అరుగు మీదే ఉన్నాను. తాత ఫారం అటూ ఇటూ తిప్పి చూసి, "ఆ గుంపులో నేను లేను బాబూ. ఉన్నోళ్లు తీసుకుంటారు" అని తిరిగి ఇచ్చేశాడు. వచ్చినాయన అది వినయం అనుకున్నాడు. మా నాన్న కూడా అలాగే అనుకున్నాడు. ఇంట్లో డబ్బుకి కటకటగా ఉన్న రోజులు, నాన్న వారం రోజులు తాతతో మాట్లాడలేదు. ముప్పై ఏళ్లలో తాత నిజం చెప్పింది ఆ ఒక్కసారే, దాన్నీ ఎవరూ నిజంగా వినలేదు.

ఇక మీలో ఆఫ్రికాలో పట్టుబడినవాళ్ల వారసులు ఉంటే మీ పని కొంచెం సులువు. లిబియాలో 1941 ఏప్రిల్‌లో మెకిలీ దగ్గర, 1942 జూన్‌లో టోబ్రుక్ దగ్గర పట్టుబడ్డవాళ్లను ఇటలీకి, తరువాత జర్మనీలో అన్నాబర్గ్ లాంటి శిబిరాలకు తీసుకెళ్లారు. ఫ్రాన్స్‌లో ఎపినాల్ అనే చోట 1944 మే 11న అమెరికా బాంబులకు శిబిరం గోడలు కూలితే కొన్ని వందల మంది భారతీయులు పారిపోయి స్విట్జర్లాండ్ చేరారు. జర్మనీ, ఇటలీ పేర్ల జాబితాలు జెనీవాకి పంపేవి కాబట్టి రెడ్‌క్రాస్ దగ్గర కార్డులు దొరికే అవకాశం ఎక్కువ. అక్కడ ఏడాదిలో కొన్ని విడతల్లోనే దరఖాస్తులు తీసుకుంటారు, ఆ తేదీలు చూసుకుని వెయ్యండి. నిజంగానే ఆజాద్ హింద్‌లో ఉన్నారనుకుంటే ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్‌కి వెళ్లండి. 1997లో రక్షణశాఖ ఇచ్చిన 990 ఫైళ్లు అక్కడున్నాయి. అభిలేఖ్ పటల్ అనే వెబ్‌సైటులో ఇంట్లోంచే వెతకవచ్చు.

అన్నిటికీ ముందు నంబరు వెతకండి. పేరుతో మొదలుపెడితే మునిగిపోతారు. సింహాచలం దేవుడి పుణ్యమా అని మన వైపు ఇంటికో అప్పన్న, వీధికో అప్పలస్వామి. ఇంగ్లీషు గుమాస్తా దాన్ని నాలుగు రకాలుగా రాస్తాడు. ఇంటిపేరు అసలు రాయడు. నంబరు డిశ్చార్జి పుస్తకంలో ఉంటుంది, పాత పింఛను కాగితాల్లో ఉంటుంది, ఒక్కోసారి పెట్టె మూత మీద తెల్లరంగుతో రాసి ఉంటుంది. మనవాళ్లు పెట్టెకి మళ్లీ రంగు వేయించేస్తారు, ఆ పని చేయకండి.

ఆ వెనక బల్ల మీద కొన్ని కాగితాలు పెట్టాను. యుద్ధంలో చనిపోయినవాళ్ల సమాధులు, పేర్లు చూసే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాల నుంచి గంజాం అని రాసి ఉన్న పేర్లు ఏరాను. సింగపూర్, రంగం, ఇంకా దూరం చోట్లవి. వీళ్లు తిరిగి రానివాళ్లు. చాలావాటికి తండ్రి పేరు, ఊరు పేరు ఉన్నాయి. ఊళ్ల స్పెల్లింగులు చూసి కంగారుపడకండి, పైకి గట్టిగా చదివితే మన ఊరి పేరు తగులుతుంది. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చినవాళ్ల కోసం విజగపటాం కాగితం విడిగా ఉంది. ఏ ఇల్లో గుర్తుపడితే పక్కన పెన్సిల్‌తో రాయండి. పెన్ను వద్దు, నా దగ్గర అదొక్కటే కాపీ.